కబురు తెచ్చినవాడికి చెంబెడు నీళ్ళు

ఇలా రా, దగ్గరగా జరిగి పడుకో. కాళ్ళు ఆడించకు. ఊ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో నిద్రపోయి, రేపు మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నావో, నా వల్ల కాదు.

అనగనగా ఒక ఊళ్ళో మగపిల్లాడు పుడితే, పేరు పెట్టకముందే వాణ్ణి రాజుగారి సైన్యానికి అనేసుకునేవారు. ఇంటికొక్కడు వెళ్ళాల్సిందే. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవారు. కొందరి కబురు వచ్చేది.

ఆ కబురుకి ఆ ఊళ్ళో మూడు కట్టుబాట్లు ఉండేవి. అన్నం ముందు కూర్చున్న మనిషికి చావు కబురు చెప్పకూడదు. ఇంటివాళ్ళు వినకముందు ఇంకెవరి చెవినా వెయ్యకూడదు. కబురు తెచ్చినవాడు అది చెప్పేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఇవన్నీ ఎవరు పెట్టారో నాకు తెలీదు. పెట్టినవాడు ఏనాడూ యుద్ధానికి వెళ్ళుండడు, అది మాత్రం తెలుసు.

ఆ ఊళ్ళో నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు ఒక యుద్ధంలో పోయాడు. ఒక్కడే కొడుకు, అప్పన్న. చిన్నప్పుడు అన్నం తినడానికి వంద పేచీలు పెట్టేవాడు, అచ్చం నీలాగే. వాడికి ఇలా మీసాలొచ్చాయో లేదో, అలా రాజుగారికి ఇంకో యుద్ధం వచ్చింది. వాణ్ణీ తీసుకుపోయారు.

ఆ తర్వాత రోహిణి కార్తె ఎండల్లో ఒక మధ్యాహ్నం, నూకాలమ్మ విస్తరాకు వేసుకుని అన్నం వడ్డించుకుంటోంది. కిటికీలోంచి చూస్తే వీధి చివర ఒక సిపాయి వస్తున్నాడు. తలమీద కాదు, చేతిలో ఒక తలపాగా పట్టుకుని ఉన్నాడు. మొగుడి కబురు తెచ్చినవాడూ ఇలాగే పట్టుకొచ్చాడు. గబుక్కున కూర్చుని అన్నంలో చెయ్యి పెట్టేసింది.

అప్పుడు ఆ సిపాయి గుమ్మం దాకా వచ్చి లోపలికి చూశాడు. అన్నం ముందు మనిషి కనబడింది. నోరెత్తకుండా వెళ్ళి అరుగుమీద కూర్చున్నాడు.

ఆవిడ మెతుకు మెతుకు ఏరుకుని తింటోంది. పొద్దుగూకింది, తింటూనే ఉంది. తెల్లారింది, తింటూనే ఉంది. గోడకి ఆనుకుని కునుకు తీసినా విస్తట్లోంచి చెయ్యి తియ్యలేదు. చెయ్యి కడిగితే కబురు వినాలి. విననంతసేపూ కొడుకు ఉన్నట్టే. పిచ్చిదేం కాదే ఆవిడ. తల్లి.

మొదటిరోజు పక్కింటావిడ వచ్చి, "లే వదినా, ఎంతసేపని ఇలా కూర్చుంటావు?" అంది. "నాకింకా ఆకలి తీరలేదు, నువ్వెళ్ళు" అంది నూకాలమ్మ.

రెండోరోజు ఊరి పెద్ద వచ్చాడు. "వీరుడి తల్లివి, ఇలా మొండికెయ్యొచ్చా? ఊరి పరువు పోదూ?" అన్నాడు. "నీ కొడుకుని పొలం చూసుకోవాలని ఇంట్లోనే అట్టేపెట్టుకున్నావు కదా బాబూ. ఊరి పరువు సంగతి నాకెందుకు చెబుతావు?" అంది. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు ఎవరూ రాలేదు. విస్తట్లో అన్నం పాచిపోయింది. అరుగుమీంచి దగ్గు వినిపిస్తోంది, పొడిదగ్గు. పాపం ఊళ్ళోవాళ్ళు వాడికి మజ్జిగ తెచ్చారు, నీళ్ళు తెచ్చారు. కట్టుబాటు తప్పనని వాడు దేన్నీ ముట్టుకోలేదు. చూడబోతే వాడూ మొండివాడే.

అప్పుడు నూకాలమ్మ కూర్చున్నచోటునుంచే అడిగింది. "పేరేంటి నాయనా?"

"గంగులు, అమ్మా."

"మీ అమ్మ ఉందా?"

"ఉందమ్మా. నేను వచ్చేదాకా వీధిలోకే చూస్తూ ఉంటుంది."

వీడు కాస్తా నా అరుగుమీదే ప్రాణం వదిలేస్తే, వీడి తలపాగా పట్టుకుని ఇంకొకడు బయల్దేరతాడు కదా అనుకుంది. ఆ తల్లి కూడా ఇలాగే అన్నం ముందు కూర్చోవాలి కదా అనుకుంది. విస్తరాకు వంక చూసింది. ఇంక దీన్ని అడ్డుపెట్టుకుని కొడుకుని ఎంతోసేపు ఆపలేననుకుంది.

లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి తూలింది. చేతికి అంటుకుని ఎండిపోయిన మెతుకులు రుద్ది రుద్ది కడుక్కుంది. చెంబు నిండా నీళ్ళు ముంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చెప్పు నాయనా. చెప్పి తాగు."

"అప్పన్న పోయాడమ్మా" అన్నాడు గంగులు. చేతిలోని తలపాగా గడపమీద పెట్టాడు. అప్పన్నదే అది.

అప్పుడు వాడు దోసిలి పట్టాడు, ఆవిడ వంచి పోసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఏడవలేదు. చెయ్యి వణికితే ధార తెగుతుందనీ, వాడికి పొలమారుతుందనీ పళ్ళ బిగువున ఉంది. చివరి చుక్క కూడా పోసి, ఆ తర్వాత గడపమీద కూలబడింది. ఆ ఏడుపు ఊరంతా వినిపించింది.

రాజుగారు ఏమిచ్చారంటావా? ఒక శాలువా ఇచ్చి పంపారు, ఆ ఎండల్లో. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం మూడో కట్టుబాటు ఎత్తిపారేశారు. అరుగు అరుగునా నీళ్ళకుండ పెట్టారు. ఎంత చెడ్డ కబురైనా సరే, తెచ్చినవాడు ముందు గొంతు తడుపుకోవాలి, ఆ తర్వాతే చెప్పాలి అన్నారు.

ఏంటి? మన అరుగుమీద కుండ కూడా అందుకేనా అంటావా? నిద్రపోలేదన్నమాట నువ్వు.

అందుకే. మీ తాతయ్య సరిహద్దులో పోయినప్పుడు టెలిగ్రాం తెచ్చినాయన మండుటెండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. మీ అమ్మ అప్పటికి నా చంకలో ఉంది. కాగితం అందుకుని ఆయన మొహమ్మీదే తలుపేశాను. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు పాపం. "అమ్మా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. నాకు వినబడింది. అయినా తలుపు తియ్యలేదు. ఆయనేం చేశాడే, చంపాడా? మీ తాతయ్యని తలుచుకున్నప్పుడల్లా ఆయనా గుర్తొస్తాడు. పేరు కూడా తెలీదు నాకు.

నూకాలమ్మ నాకంటే మంచిది. ఊ, కళ్ళు మూసుకో. నాతోపాటు అను.

కథేమో కంచికి,
కబురేమో గడపకి,
కన్నీళ్ళు కొంగుకి,
మంచినీళ్ళు మనిషికి,
పోయినోళ్ళు మట్టికి,
మిగిలినోళ్ళం ఇంటికి.