అడుగున రెండు వేళ్ళు

జపాన్ కారు కొన్న మూడు నెలలకి అబ్బులుకి అన్నం సయించడం మానేసింది.

కారు ఆగిపోయి కాదు. ఆగిపోయినా బాగుండేది, ఆగిన బండి ముందు మెకానిక్కి ఉండే ధైర్యం నడిచే బండి ముందు ఉండదు. కారు శుభ్రంగా నడుస్తోంది. అంత ధర పెట్టి కొన్నది శుభ్రంగా మాత్రమే నడుస్తోంది. అదీ బాధ.

ఎర్ర కారు. రెండే తలుపులు. వెనక సీట్లో మనిషి కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. హైవేలో కొబ్బరితోట పోగా వచ్చిన పరిహారమంతా ఆ కారులోకి దిగింది. ఇలాంటి బండి కాలు ఆనిస్తే ఎగిరిపోతుందని అబ్బులు ఇరవయ్యేళ్ళుగా చదువుతూ వచ్చాడు. కొన్నాక ఆనించాడు. ఎగరలేదు. రాజానగరం వెళ్ళే ఆర్టీసీ బస్సును దాటింది, అదీ డ్రైవరు దయతలచి పక్కకి తప్పుకుంటే.

సామర్లకోటలో అతనికో షాపుంది. బోర్డు మీద 'అబ్బులు పెర్ఫార్మెన్స్ వర్క్స్' అని ఉంటుంది. లోపల జరిగేది రైసుమిల్లు షాఫ్టులు సాపు చెయ్యడం, నీళ్ళ మోటార్లకి బుష్షులు తియ్యడం. ఆ పనంతా ఇనుము తిప్పి చెక్కే ఒక్క లేత్ మిషను మీద. ఇంట్లో నలుగురి అన్నం ఆ లేత్ తిరిగితేనే ఉడుకుతుంది.

ఇప్పుడు దాన్ని అమ్మేస్తున్నాడు. హైదరాబాదులో ఒకాయన కారుకి బలం పెంచే పెద్ద టర్బో వేస్తానన్నాడు, సైలెన్సరు కోసి లావు గొట్టం పెడతానన్నాడు, కంప్యూటరు తగిలించి ఇంజను బుర్ర తిరగరాస్తానన్నాడు. ఆ ఖర్చుకి లేత్ సరిపోతుంది. కొనడానికి రాజానగరం నుంచి బంగార్రాజు గారు మధ్యాహ్నం మూడింటికి ట్రాక్టరు వేసుకుని వస్తున్నారు.

అమ్మేముందు పని నేర్పిన సిలార్ సాహెబుకి చెప్పాలి. అబ్బులు సొంతంగా షాపు పెట్టుకున్న రోజున ఆ లేత్ ఆయనే ఇచ్చారు. ఉస్తాద్ ఇచ్చిన మిషను ఉస్తాద్ ఎదుటే చేతులు మారాలి. ఆ చుట్టుపక్కల షెడ్లలో అదో మర్యాద. అందుకని బంగార్రాజు గారిని కూడా అక్కడికే రమ్మన్నాడు.

పెద్దాపురం దాటాక ఏడీబీ రోడ్డు పక్కనే సిలార్ సాహెబు షెడ్డు. డెబ్భై దాటిన మనిషి. మాట తక్కువ. ఆయన దగ్గర అబ్బులు తొమ్మిదేళ్ళు పనిచేశాడు. మొదటి రెండేళ్ళు ఆయన ఏమీ చెప్పడం లేదని అలిగాడు, తర్వాత ఏడేళ్ళు చెప్పింది వినలేదు. మిగతా విద్య ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా సాధించాడు. ఆ విద్య ముందుగా తన మోటారుసైకిలు మీదే ప్రయోగించి, ఆనక దాన్ని కిలోల లెక్కన ఇచ్చేశాడు. ఈ సంగతి ఎవరో చెప్పి నవ్వే లోపే తనే చెప్పి నవ్వేవాడు. అందువల్ల జనం అతన్ని తెలివైనవాడనుకునేవారు.

అబ్బులు వెళ్ళేసరికి ఉస్తాద్ టీ తాగుతున్నారు. గ్లాసు చేత్తో పట్టుకునే కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"ఎలా ఉంది ఉస్తాద్?"

"ఎర్రగా ఉంది."

అబ్బులు తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. టర్బో గురించి చెప్పాడు, లేత్ గురించి చెప్పాడు. లేత్ గురించి చెప్పేటప్పుడు మాత్రం రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ఉస్తాద్ టీ తాగుతూనే విన్నారు.

"ఇంత పోసి కొన్నానండి. లోపల చూస్తే అంతా ప్లాస్టిక్కు. ఇదే ధరకి జర్మనీ కారైతే సోఫాలో కూర్చున్నట్టుంటది. పోనీ పరుగుందా అంటే అదీ అంతంత మాత్రం. ఈ జపాన్ బళ్ళన్నీ ఇంతేనంటండి. కంపెనీవాడు పిండిముద్ద ఇస్తాడు, రొట్టె మనం కాల్చుకోవాలి. మార్పులు చెయ్యకపోతే పెట్టిందంతా దండగంట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారండి."

"వాళ్ళకుందా ఈ బండి?"

అబ్బులు కాస్త ఆలోచించాడు. "వాళ్ళకి ఫోన్లున్నాయండి."

ఉస్తాద్ తలూపారు.

"మీరే చెప్పండి ఉస్తాద్. మార్పు చెయ్యకుండా ఈ బండికి అంత ధర తగునా?"

ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పులు విప్పారు. సిలార్ సాహెబు ఏ బండి ఎక్కినా ఉత్త కాళ్ళతోనే ఎక్కుతారు, అది ఇసుక లారీ అయినా సరే. బానెట్ ఎత్తడం ఆయన వరసలో ఆఖరి పని. తొమ్మిదేళ్ళూ అబ్బులు ఆ చెప్పులు విప్పడాన్ని భక్తి అనుకున్నాడు.

ఆయన సీట్లో కూర్చోగానే ప్లాస్టిక్ కవరు కరకరమంది. కొత్తది కొత్తగానే ఉండాలని అబ్బులు ఆ కవర్లు తియ్యలేదు. ఉస్తాద్ ఇంజను ఆన్ చెయ్యలేదు. కుడి పాదం యాక్సిలరేటరు మీద పెట్టి మెల్లగా నొక్కి వదిలారు. మళ్ళీ నొక్కారు. మూడోసారి నొక్కి అలాగే ఉంచి కళ్ళు మూసుకున్నారు. పక్కగదిలో ఎవరో లోగొంతుతో మాట్లాడుతుంటే వినే మనిషిలా ఉన్నారు.

"స్టార్ట్ చెయ్యమంటారా?" అన్నాడు అబ్బులు.

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?"



ఉస్తాద్ దిగారు. వంగి, పెడళ్ళ కిందికి చెయ్యి పోనిచ్చి ఒక మ్యాటు బయటికి లాగారు. సేమియా ముద్దలా అల్లుకున్న నల్ల ప్లాస్టిక్ మ్యాటు.

"అది మట్టి పట్టుకుంటదండి," అన్నాడు అబ్బులు.

దాని కింద ఇంకోటుంది. స్పాంజి పెట్టి గళ్ళు గళ్ళుగా కుట్టిన తోలు మ్యాటు, పరుపంత మందాన.

"అది కిందది పాడవకుండానండి. కొన్న రోజునే కాకినాడలో దగ్గరుండి కుట్టించా."

దాని కింద కంపెనీవాళ్ళ మ్యాటుంది. దానికి కవరు కూడా విప్పలేదు.

ఈసారి అబ్బులు రోడ్డు వైపు చూశాడు.

ఉస్తాద్ ఆ కవరు చింపేశారు. కంపెనీ మ్యాటుని తిరిగి దాని చోట పరిచి, కొక్కేలకి తగిలించి, అరచేత్తో సాపు చేశారు. "చెయ్యి పెట్టు," అన్నారు.

అబ్బులు మోకాళ్ళ మీద కూర్చుని యాక్సిలరేటరుని చేత్తో నొక్కాడు. రోజూ ఆగే చోటుకి వచ్చింది. ఆగలేదు. ఇంకా దిగింది. అడుక్కి వెళ్ళాక టక్కున ఇనుము తగిలింది. మూణ్ణెల్లుగా అతని కాలికి తగులుతున్నది ఇంత గట్టిది కాదు. కాకినాడ స్పాంజి.

ఉస్తాద్ తీసిన రెండు మ్యాట్లనీ ఒకదాని మీద ఒకటి వేసి, పక్కన వేళ్ళు ఆనించి మందం చూశారు. నిండుగా రెండు వేళ్ళు.

"మార్పు చెయ్యకుండా అన్నావే. అలా ఎప్పుడు తోలావు?"

అబ్బులు పెడలుని మళ్ళీ అడుగు దాకా నొక్కి చూశాడు.

ఉస్తాద్ ఆ మ్యాట్లు రెండూ చంకలో పెట్టుకుని షెడ్డు నీడలోకి నడిచారు. "రంగంపేట దాకా వెళ్ళి రా. మనుషులున్న చోట మనిషిలా వెళ్ళు. ఎవరూ లేని చోట నొక్కు." మ్యాట్లు జోడుగా పరిచి వాటి మీద నడుం వాల్చారు.

అబ్బులు కారెక్కబోయి ఆగాడు. తన చెప్పులు కూడా విప్పాడు.

రంగంపేట దాకా మనిషిలానే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు కొలబద్దలా తిన్నగా కనిపించింది. రెండు వైపులా జీడితోటలు, కనుచూపు మేర ఒక్క బండి లేదు. మూడో గేరులో నొక్కాడు. ముందు తెలిసిన లాగుడే. తెలిసిన చోటు వచ్చింది. దాటింది.

ఇంజను గొంతు మారింది. మూణ్ణెల్లుగా లోగొంతుతో దగ్గుతున్న మనిషి ఉన్నట్టుండి రాగం ఎత్తుకున్నట్టయింది. మీటరులో ముల్లు అబ్బులు ఎన్నడూ చూడని అంకెల్లోకి పోయింది. సీటు వీపుని పట్టుకుంది. ఆశ్చర్యమేమిటంటే కారు ఎగరలేదు. రోడ్డుకి ఇంకాస్త అతుక్కుంది. స్టీరింగులో వణుకు లేదు. దూరంగా మలుపు కనిపించి బ్రేకు వేస్తే బండి ఏ మాత్రం కంగారు లేకుండా సర్దుకుని నిలబడింది. కంగారంతా అబ్బులుదే.

పక్కకి తీసి ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఎక్కడో జపాన్లో ఎవరో ఒక మనిషి ఈ రెండు వేళ్ళ జాగా కోసం ఎన్నేళ్ళు కూర్చుని ఉంటాడో అనిపించింది. తర్వాత, ఈ బండి దండగ అని తను ఊళ్ళో ఎవరెవరికి చెప్పాడో ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. చాలామందే వచ్చారు. ఒకసారి వినాయకచవితి పందిట్లో మైకులో కూడా చెప్పాడు.

అతను తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు ట్రాక్టరు ఆగి ఉంది. బంగార్రాజు గారు దాని వెనక తొట్టిలో మోకులు సర్దుతున్నారు. ఉస్తాద్ కళ్ళు మూసుకుని మ్యాట్ల మీదే పడుకుని ఉన్నారు.

"రండి అబ్బులు గారూ. మీకోసమే చూస్తన్నాం. సాహెబు గారిని లేపి ఓ మాట అనేసుకుంటే, వెళ్ళి మిషను ఎక్కించేద్దాం."

అబ్బులు కారు పక్కనే నిలబడ్డాడు, ఉత్త కాళ్ళతో. నేల కాలుతోంది. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

"లేత్ ఇవ్వలేనండి. మిమ్మల్ని ఇంత దూరం తిప్పాను. తప్పు నాదే, ఏవనుకోకండి. డీజిలు నేను పోయిస్తాను."

బంగార్రాజు గారు మోకు కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "అదేంటండీ బాబూ. కారుకేదో పెద్ద సామాను బిగించాలి, అందుకే అమ్ముతున్నానన్నారుగా?"

అబ్బులు షెడ్డు నీడ వైపు చూశాడు.

"అది బిగించేశానండి," అన్నాడు. "కొన్న రోజునే."

బంగార్రాజు గారికి అర్థం కాలేదు. ఉస్తాద్ కళ్ళు తెరవలేదు. మ్యాటు మీద పక్కకి ఒత్తిగిలారు.

"మెత్తగానే ఉందిరా," అన్నారు.