పైడయ్య కారు, రాజుగారి అత్తగారు

అనగనగా, గుర్రాలు కొలువు మాని కార్లు కొలువులో చేరుతున్న కొత్తలో, చింతవలస అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. ఎంత బుల్లిదంటే, దారులు సరిగ్గా తెలియని నాలాంటి కథకుడు ఒక్క మలుపు తప్పు తిరిగితే పక్క రాజ్యంలో తేలతాడు. అందుకని నెమ్మదిగా చెబుతాను.

ఆ రాజ్యంలో కోటకు జట్కా తోలేవాడు పైడయ్య. అతని గుర్రం పేరు దొరబాబు. మోకాళ్లు పట్టేసి దొరబాబు పాకకే పరిమితమైపోయాక, పైడయ్య ఒక వర్తకుడి దగ్గర పాత చిన్న కారు కొన్నాడు. అప్పటికే అది రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు.

"ఇంత తిరిగిందంటే దారులన్నీ దానికే తెలిసుంటాయి" అని పైడయ్య మురిసిపోయాడు.

గేరుబాక్సు సంగతేమిటని అడిగితే వర్తకుడు మీసం దువ్వుకున్నాడు. "అందులో ఆయిలు ఒకసారి పోస్తే జన్మంతా మళ్లీ చూడక్కర్లేదు" అన్నాడు.

పైడయ్య కారు నడిపే తీరంతా జట్కా తీరే. బయల్దేరేముందు బానెట్ మీద రెండు చరుపులు చరిచేవాడు. కళ్లెం వదలకూడదు కదా, అందుకని ఎడమకాలు ఎప్పుడూ క్లచ్చి మీదే ఉంచేవాడు. పల్లం కనిపిస్తే చాలు, గేరు తీసేసి న్యూట్రల్లో వదిలేసేవాడు. "పాపం, కాస్త ఊపిరి పీల్చుకోనీ" అనేవాడు.

సాయంత్రం పాకలో నిలిపితే కారు కింద నల్లటి చుక్కలు పడేవి. పైడయ్య వాటిని చూసి ముచ్చటపడేవాడు.

"చూశావా దొరబాబూ, ఇదీ నీలాగే. పాకలోకి రాగానే కానిచ్చేస్తోంది."

దొరబాబు తల ఊపేది.

ఇలా ఉండగా రాజుగారి నుంచి కబురొచ్చింది. రాజుగారికి శత్రువులు లేరు. అత్తగారు ఉన్నారు. ఆవిడ పేరు మాణిక్యాంబ. కూతుర్ని చూసిపోదామని ఎండాకాలంలో వచ్చారు. వానలు వెళ్లాయి, చలి వచ్చింది, ఆవిడ మాత్రం కదల్లేదు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి సైన్యం నిలబడే వరస దాకా కోటలో అన్నీ ఆవిడే సరిదిద్దేవారు. అలాంటావిడ ఒకరోజు తనంతట తానే, "ఇంక మా ఊరు వెళ్తాను అల్లుడుగారూ" అన్నారు.

ఆవిడ ఊరు మబ్బులకోట. ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్లాలి.

రాజుగారు పైడయ్యను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించారు. "మా అత్తగారిని క్షేమంగా దింపిరా. దింపావా, కొండదారి బాడుగలన్నీ నీకే రాసిస్తాను."

పైడయ్య బానెట్ చరిచి బయల్దేరాడు. మొదటి మలుపు దగ్గర ఎత్తు మొదలైంది. రెండో గేరు వెయ్యబోతే కారు "కర్ర్ర్" అంది. మళ్లీ లాగాడు. మళ్లీ కర్ర్ర్.

"ఏమైంది పైడయ్యా?" అన్నారు మాణిక్యాంబగారు.

"ఏం లేదమ్మగారూ. కొత్త చోటు కదా, బెదిరింది."

"కారు బెదరడమేమిటయ్యా?"

పైడయ్య కారు తిప్పి న్యూట్రల్లో కిందికి వదిలాడు. కోట మేడ మీద లడ్డూలు పంచుతున్న రాజుగారు దుమ్ము రేపుకుంటూ తిరిగొస్తున్న కారును చూశారు. చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

"శకునం బాగోలేదు. ఇంకో పక్షం ఉండి వెళ్తాను" అన్నారు అత్తగారు.

రెండోసారి మంత్రిగారు పూనుకున్నారు. కారుకు పసుపూ కుంకుమా పెట్టించారు. గుమ్మడికాయ కొట్టించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. పైడయ్య ఇంకో అడుగు ముందుకేసి, దిష్టితాడు నేరుగా గేరురాడ్‌కే కట్టాడు.

నిమ్మకాయలు నలిగాయి. కారు కదిలింది. మొదటి మలుపు దాటింది, రెండోదీ దాటింది. మూడో మలుపులో మాడువాసన వచ్చింది. ఈసారి ఏ గేరూ పడలేదు. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. పైడయ్య బ్రేకు మీద నిలబడి దేవుళ్లను తలుచుకుంటుంటే, మాణిక్యాంబగారే చీర కుచ్చెళ్లు దోపుకుని దిగి చక్రం వెనక రాయి వేశారు.

ఎడ్లు కట్టి కారును కిందికి లాక్కొచ్చారు. లోపల అత్తగారు దర్జాగా కూర్చుని దారి పొడుగునా ఎడ్లకు కూడా సలహాలిచ్చారు.

రాజుగారి ముఖం కందగడ్డ అయిపోయింది. "ఒరే పైడయ్యా, మూడోసారి కూడా కొండ ఎక్కకుండా తిరిగొచ్చావో, నువ్వూ, నీ కారూ, నీ ముసలి గుర్రమూ పొలిమేర అవతల ఉంటారు."

మంత్రిగారు పైడయ్య చెవిలో గుసగుసలాడారు. "అమ్మగారి బరువు వల్లేనని చెప్పెయ్. రాజుగారు ఇట్టే నమ్ముతారు. ఆవిడకి రెండెడ్ల బండి కడతాం. నీ కొలువు నీకుంటుంది."

పైడయ్య తల వేలాడేసుకుని పాకకు వచ్చాడు.

"దొరబాబూ, ఆవిడ బరువేనంటావా?"

"ఆవిణ్ణి నేనూ మోశాను" అంది దొరబాబు గడ్డి నములుతూ. "కూతురి పెళ్లికి వచ్చినప్పుడు, వెండి సామాన్ల పెట్టెతో సహా. నేనెక్కడా ఆగలేదు. అది సరే గానీ పైడన్నా, ఒక మాట చెప్పు. నేను పాకలో కానిచ్చాక నువ్వేం చేసేవాడివి?"

"తొట్టి నిండా నీళ్లు పెట్టేవాణ్ని."

"మరి ఈ కారు రోజూ కానిస్తోంది కదా. దానికేం పెట్టావు?"

పైడయ్య తల గోక్కున్నాడు. "ఆ ఆయిలు జన్మకొక్కసారి చాలన్నాడు వర్తకుడు."

"ఎవరి జన్మ?" అంది దొరబాబు.

పైడయ్య అప్పటికప్పుడు కారును ఎడ్లతో లాగించుకుని మెకానిక్ సుభానీ కొట్టుకు చేరాడు.

"గేరాయిలు మార్చి ఎన్నాళ్లయింది మామా?" అన్నాడు సుభానీ.

"మార్చలేదురా."

"పోనీ, చూసి ఎన్నాళ్లయింది?"

"రోజూ చూస్తున్నాను. కారు కింద."

సుభానీ కారు కింద దూరి బిరడా విప్పాడు. ఆముదంలా ధారగా రావలసింది కాటుకలా ముద్దగా జారింది. అదీ చెంబుడు లేదు. అందులో ఏదో తళతళలాడింది.

"ఆ మెరుపేమిటిరా?"

"గేరు పళ్లు మామా. ఆయిలు లేక అరిగి పొడైపోతున్నాయి. కారే చోట కొత్త సీలు వేస్తా, దీనికి సరిపడే ఆయిలు కొలత ప్రకారం పోస్తా. పోయిన పళ్లయితే మొలవవు. ఉన్నవాటిని కాపాడుకో. గేరు గుంజకు, నెమ్మదిగా వెయ్. క్లచ్చి మీంచి కాలు తియ్. ఇకమీదట ఎప్పటికప్పుడు ఆయిలు చూపించుకో. పల్లంలో కూడా గేరులోనే దిగు."

"మరి దానికి ఊపిరి..."

"అది గుర్రం కాదు మామా" అన్నాడు సుభానీ.

మర్నాడు కోట గుమ్మంలో కారు నిలిచింది. "ఈసారి ఎక్కుతుందా?" అన్నారు రాజుగారు. మంత్రిగారు వెనకనుంచి దగ్గారు. చెప్పాల్సిన మాట గుర్తు చేస్తున్నారన్నమాట.

పైడయ్య మంత్రిగారి వంక చూశాడు. బరువని ఒక్క మాటంటే పాక దక్కుతుంది, దొరబాబుకు గడ్డి దక్కుతుంది. కానీ ఆ తళతళ కళ్లలోంచి పోవడం లేదు.

"ప్రభూ, రెండుసార్లూ ఆగింది అమ్మగారి బరువుకూ కాదు, శకునానికీ కాదు. తప్పు నాది. గేరుబాక్సులో ఆయిలు కారిపోతుంటే గుర్రంలాగే అనుకుని ఊరుకున్నాను. నిన్న పోయించాను. పళ్లు కొంత అరిగాయి. నెమ్మదిగా వెళ్తే ఎక్కుతుందనే అనుకుంటున్నాను. ఒట్టు మాత్రం వెయ్యలేను."

రాజుగారు పళ్లు నూరారు. "అంటే నీ బద్ధకానికి నేను ఇన్నాళ్లు..." అని, అత్తగారు పక్కనే ఉన్నారని గుర్తొచ్చి మిగతాది మింగేశారు.

"ఆగండి అల్లుడుగారూ" అన్నారు మాణిక్యాంబగారు. "నా బరువు మాట ఎవరెత్తారు?"

పైడయ్య నేల చూశాడు. మంత్రిగారు పైకప్పు చూశారు. ఆవిడకు అర్థమైపోయింది.

"ఈ కోటలో ఇన్నాళ్లున్నాను. తప్పు నాదన్న మనిషిని ఇవాళే చూశాను. పద పైడయ్యా, ఎక్కకపోతే రాయి నేను వేస్తాను."

ఈసారి బానెట్ చరచలేదు. క్లచ్చి మీంచి తీసిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక పైడయ్య కాసేపు అవస్థపడ్డాడు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు దగ్గర ఎత్తు నిట్టనిలువుగా ఎదురొచ్చింది. కారు మూలిగింది.

"దిగమంటావా?" అన్నారు ఆవిడ.

"కూర్చోండమ్మగారూ."

గేరురాడ్‌ను గుంజలేదు. పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు నెమ్మదిగా తోశాడు. టక్ మని పడింది. కారు ఒక్కొక్క గజమే పాకుతూ, సన్నగా గొణుగుతూ, మలుపు తిరిగి మబ్బులకోట చేరింది.

చింతవలసలో ఆ పూట లడ్డూలు సైన్యం చివరి వరస దాకా పంచారు. రాజుగారు మాట తప్పలేదు. కొండదారి బాడుగలు పైడయ్యకే రాసిచ్చారు.

వారం తిరిగేసరికి మబ్బులకోట నుంచి కబురొచ్చింది. "ప్రయాణం ఇంత సుఖమని తెలిస్తే అక్కడ అన్నాళ్లు ఉండిపోయేదాన్నే కాదు. ఇకనుంచి వారం వారం వచ్చిపోతుంటాను. పైడయ్యను పంపండి."

రాజుగారు పైడయ్యను మళ్లీ పక్కకు తీసుకెళ్లారు. చుట్టూ చూసి, మెల్లగా అడిగారు.

"ఆ ఆయిలు... మళ్లీ కొంచెం కారేలా చెయ్యలేవా?"

"కుదరదు ప్రభూ" అన్నాడు పైడయ్య చేతులు కట్టుకుని. "సీలు గట్టిదండి."

కాబట్టి పిల్లలూ, మనల్ని మోసేదాని ఆకలి మనమే కనిపెట్టుకోవాలి; అది ఆగిపోయిన రోజున, తప్పు పక్కవాళ్ల బరువు మీదికి నెట్టకుండా మనదని ఒప్పుకోవాలి.