ఎదురుపిడి అమ్మ సంచి

కోనలోవ నుండి నాలుగు వందల మెట్లు ఎక్కి పైకి వచ్చిన భక్తులకు మొదట కనబడేది గోపురం కాదు. చెప్పులు విడిచే చోట నల్లరాతి పలక మీద చెక్కిన హెచ్చరిక. ‘ఇనుప మేకులు లోపలికి తేరాదు’ అని దాని మీద ఉంటుంది. కొండ కింద దుకాణాల్లో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఇనుప మేకులు అమ్ముతూనే ఉన్నారు. జనం కొంటూనే ఉన్నారు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస. ఈ కొండ మీద ఇనుప మేకు ఎందుకు పనికిరాదో తెలుసుకుని ఎక్కితే ఈ ఎక్కడానికి ఒక అర్థం ఉంటుంది. తెలియకపోతే అది కాళ్ళ నొప్పి మాత్రమే.

గర్భగుడిలో విగ్రహం లేదు. మోకాలి ఎత్తున, రాయిగా మారిన ఒక చెట్టు మొదలు ఉంది. దాని తూర్పు అంచున, దక్షిణపు మూల ఒకటి, ఉత్తరపు మూల ఒకటి, రెండు కొయ్య మేకులు తలల దాకా దిగి ఉన్నాయి. అమ్మ అంటే అదే. ఈ అమ్మకు ముఖం లేదు, చేతులు లేవు. ఎదురుపిడి అమ్మ అన్న పేరు మాత్రం ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. కొండ అంతా నారేప, చండ్ర, మద్ది చెట్ల అడవి. ఆ అడవిలో దారన్న, నూకమ్మ అనే దంపతులు మాను కోత మీద బతికేవారు. వారికి పిల్లలు లేరు. వారిది రెండు పిడుల జంట రంపం. ఒక పిడి అతనిది, ఎదురుపిడి ఆమెది. జంట రంపాన్ని ఎవరూ తోయరు. ఒకరు లాగుతున్నప్పుడు రెండోవారు చెయ్యి వదులు చేసి పోనివ్వాలి. తరువాత వారు లాగుతారు, వీరు పోనివ్వాలి. ఇరవై ఏళ్ళు వారిద్దరూ అలా లాగుతూ, పోనిస్తూ బతికారు.

మేకులు చెక్కే పని నూకమ్మది. మేకు అంటే ఒక కొస మందంగా, రెండో కొస నాలుకలా పలుచగా ఉండే కొయ్య ముక్క. చెట్టును కోస్తున్నప్పుడు రంపం వెనక కోతలో దాన్ని దిగ్గొడతారు. లేకపోతే చెట్టు బరువు వెనక్కి వాలి కోత మూసుకుపోతుంది, రంపం ఇరుక్కుపోతుంది. పడిన మానును ముక్కలు చేసేటప్పుడూ మేకు కావాలి. మాను రెండు చివర్లా గట్టు మీద ఆని నడుమ వేలాడుతుంటే కోత పైనుంచి మూసుకుంటుంది. కాబట్టి బరువు ఎటు దిగుతుందో ముందు చూసి ఆ తరువాతే మేకు పెట్టాలి.

నూకమ్మ చండ్ర చేవ తప్ప మరో కర్ర ముట్టేది కాదు. ఆ చేవను రెండు వానాకాలాలు పొయ్యి మీద అటకలో పొగకు ఆరబెట్టేది. వాలు నిదానంగా ఉండేలా చెక్కేది. వాలు ఎక్కువైతే దెబ్బకు మేకు వెనక్కి చిమ్ముతుంది. చివరికి బూడిద రాసేది, జారకుండా. ఇనుము వద్దనేది. దారన్న అడిగితే, రంపం పన్ను ఒక్కసారి ఇనుముకు తగిలిందంటే సాయంత్రం దాకా ఆకురాయి పట్టుకుని కూర్చునేది నువ్వే, నేను కాదు అని నవ్వేది.

ఒక వానాకాలం చలిజ్వరం వచ్చి అయిదు రోజుల్లో నూకమ్మ పోయింది. మధ్యాహ్నం వారు అన్నం తినే నారేప చెట్టు కింద, తూర్పు వైపున దారన్న ఆమెను పూడ్చాడు. పోయినవారి పనిముట్టు వారితోనే పోవాలని వారి ఆచారం. ఆమె నార సంచిని, అందులో మిగిలిన రెండు మేకులతో సహా, తల దగ్గర చిన్న గుంట తీసి పెట్టి పైన పలక రాయి మూశాడు. రంపాన్ని గుడిసె చూరుకు వేలాడదీశాడు. ఆ తరువాత దాదాపు ఏడాది అతని గొంతు విన్నవారు లేరు. సంతకు దిగితే ఉప్పు రాయి చూపించేవాడు, వేలు చూపించేవాడు, మూట కట్టించుకుని వెళ్ళిపోయేవాడు. రెండు ముద్దలు వండి, ఒకటి తిని, రెండోది చూస్తూ కూర్చునేవాడు.

అప్పుడు కొండ కింద కోనలోవ ఊరి గుడి ధ్వజస్తంభం పిడుగు పడి చీలిపోయింది. కొత్త మాను కోసం వడ్రంగి పెద్ద వీరాచారి కొండ అంతా తిరిగి చివరికి ఒక నారేప చెట్టుకు పసుపు గుర్తు పెట్టాడు. అది ఆ చెట్టే. మాను నిటారుగానే ఉంది గాని కొమ్మల బరువంతా తూర్పుకు ఉంది. దాని మానాన దాన్ని పడనిస్తే నూకమ్మ మట్టి మీదనే పడుతుంది.

దారన్న వద్దనలేదు. దేవుడి పనికి అడ్డం పడే ధైర్యం అతనికి లేదు. కాని వేరేవాళ్ళు కోస్తే చెట్టు వాలిన వైపే పడుతుందని అతనికి తెలుసు. తానే కోస్తానని, పడమటికి పడగొడతానని వీరాచారి దగ్గరికి వెళ్ళి చెప్పాడు.

“ఒక్కడివి రెండు పిడులు ఎలా లాగుతావురా? మా తమ్ముడి కొడుకును పంపుతాను, ఎదుట నిలబడతాడు” అన్నాడు వీరాచారి.

“ఆ పిడి ఇంకొకరు పట్టుకోరు ఆచారిగారూ.”

“మొండివాడివి. ఈ ఇనుప మేకులైనా పట్టుకుపో.”

“ఆవిడ ఒప్పుకోదు” అన్నాడు దారన్న. ఆవిడ ఎక్కడుందని ఇప్పుడు ఒప్పుకోకపోవడానికి అని వీరాచారి అడగబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే దారన్న పని మొదలుపెట్టాడు. పడమటి వైపు, చెట్టు పడాల్సిన దిక్కున, గొడ్డలితో లోతుగా గాటు పెట్టాడు. తరువాత తూర్పున, ఆ మట్టికి వీపు ఆనేంత దగ్గరలో కూర్చుని వెనక కోత మొదలుపెట్టాడు. మేకులు కావాలి. ఇంట్లో చండ్ర చేవ లేదు. ఏడాదిగా అటక మీద ఏమీ ఆరబెట్టలేదు. పక్కనున్న పచ్చి కొమ్మ నరికి నాలుగు మేకులు చెక్కి దిగ్గొట్టాడు. మాను కోతలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడు చేయకూడని పని అది. పైగా ఒంటిచేత్తో లాగీ తోసీ రంపాన్ని వంకర పట్టించాడు.

కోత మూడు వంతులు పూర్తయ్యేసరికి చెట్టు ఒక్కసారి నిట్టూర్చినట్టు కదిలి వెనక్కి కూర్చుంది. పచ్చి మేకులు బెల్లం ముద్దల్లా నలిగిపోయాయి. రంపం బిగుసుకుపోయింది. మిగిలిన ఒక వంతు చేవ మీద ఆ మాను మొత్తం తూర్పుకు వాలి నిలబడింది. గాలి కొంచెం బలంగా వీస్తే చాలు.

దారన్న అక్కడి నుంచి కదలలేదు. కేక వేస్తే వినేవాడు లేడు. కొండ దిగి మనిషిని తెచ్చేలోగా ఏమవుతుందో తెలియదు. మానుకు వీపు ఆనించి, ఎదురుగా ఉన్న మట్టి దిబ్బను చూస్తూ, పడితే ఇద్దరి మీదా పడనీ అనుకుని కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం ఆ అలసటలో కన్ను మూతపడింది. కలలో నూకమ్మ నిలబడి ఉంది, నడుముకు కొంగు దోపుకుని.

“పచ్చి కర్రతో మేకులా? ఏడాదిలోనే ఇంత మరిచిపోయావా?”

ఆమె తల దగ్గరి పలక రాయి వైపు వేలు చూపింది.

“సంచి నాకిచ్చి నువ్వు ఉత్త చేతులతో కూర్చున్నావు. ఇక్కడ నేనేం కోస్తాననుకున్నావు? రాయి తియ్యి.”

దారన్నకు మెలకువ వచ్చింది. గాలి మొదలవుతోంది. మూసిన గుంటను తెరవడం మహాపాపమని అతనికి తెలుసు. తెరిస్తే ఆమె చేతిలో ఉన్న ఒక్క పనిముట్టును తాను లాక్కున్నవాడవుతాడు. తెరవకపోతే చెట్టు ఆమె మీద పడుతుంది. పలక రాయి పక్కకు జరిపాడు. నార సంచి చివికి ఉంది. మేకులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఆమె రాసిన బూడిదతో సహా.

కోత దక్షిణపు మూల ఒకటి పెట్టాడు, ఉత్తరపు మూల ఒకటి పెట్టాడు. ఇక్కడ ఒక దెబ్బ వేసి, పరుగున వెళ్ళి అక్కడ ఒక దెబ్బ వేశాడు. ఒకే మేకును కొడుతూ పోతే మాను పక్కకు తిరుగుతుంది. జుట్టంత సందు తెరుచుకుంది, తరువాత గడ్డిపరక దూరేంత. రంపం వదులైంది. దారన్న తన పిడి పట్టుకుని లాగాడు. మళ్ళీ తోయబోయాడు.

తోయవలసిన అవసరం రాలేదు. రంపం దానంతట అదే అవతలికి వెళ్ళింది, ఎవరో లాగినట్టు. అతను చెయ్యి వదులు చేశాడు. లాగాడు, పోనిచ్చాడు. మాను అంత లావుగా ఉంది గనుక అవతల ఎవరున్నదీ కనబడదు. లేచి చూడాలని అతనికి అనిపించింది. చూస్తే పిడి ఆగిపోతుందని భయం వేసింది. అందుకే చూడలేదు. చేవ విరిగిన చప్పుడు వచ్చింది, నారేప మెల్లగా పడమటికి ఒరిగి, చీలిక లేకుండా, పొదల మీద పడుకుంది. దుమ్ము అణిగాక దారన్న అవతలికి వెళ్ళి చూశాడు. అక్కడ రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. పిడి మాత్రం వెచ్చగా ఉంది.

మేకులు తిరిగి సంచిలో పెట్టాలని అతను సాయంత్రం దాకా పెకలించాడు. చెట్టు పడగానే ఊడిపడవలసినవి మొదలులోకి తలల దాకా దిగిపోయాయి, రాలేదు. మర్నాటికి ఆ మొదలు రాయి అయింది. ఖాళీ సంచి చేతిలో పట్టుకుని దారన్న అప్పుడు ఏడ్చాడు, ఏడాదిలో మొదటిసారి. వీరాచారి మనుషులు మాను దించుకుపోయారు. కోనలోవలో నాదస్వరం మోగింది. అతను కిందికి వెళ్ళలేదు. చండ్ర చేవ తెచ్చి అటక మీద పెట్టాడు. రెండు వానాకాలాలు ఆగి, ఒక మేకు చెక్కి, బూడిద రాసి, కొత్త సంచిలో వేసి పలక రాయి కింద పెట్టాడు. బతికినన్నాళ్ళూ ఆమె సంచి ఖాళీగా ఉండకుండా చూశాడు. రంపం మళ్ళీ ఎప్పుడూ దానంతట అది కదలలేదు. అతను ప్రతి రోజూ ఒకసారి పిడి పట్టుకుని చూసేవాడని మాత్రం చెబుతారు.

నేటికీ ఈ కొండ మీద కానుక ఒక్క చండ్ర మేకే. భక్తులు దాన్ని స్వయంగా చెక్కి తేవాలి. పచ్చి కర్ర తెచ్చినవారిని అర్చకులు తిప్పి పంపుతారు, అందుకు కోపగించుకోవద్దు. పలక రాయి దగ్గర వేలాడే నార సంచిలో మేకు వేసి మొక్కాలి. సంచి నిండగానే వాటిని కొండ చుట్టుపక్కల మాను కోసేవారికి పంచుతారు. భార్య పోయినవారు, భర్త పోయినవారు, జంటలో ఒకరై మిగిలిపోయినవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. పోయినవారిని తెచ్చి ఇస్తానని అమ్మ మాట ఇవ్వలేదు, మేమూ ఇవ్వము. సగంలో ఆగిన పని పూర్తవుతుంది. ఈ అమ్మ ఇచ్చే వరం అంతే, అది చిన్నది కాదు.

వెళ్ళే ముందు మొదలు వెనుక గూటిలో ఉన్న పాత రంపాన్ని చూడండి. దక్షిణపు పిడిని భక్తులు తాకవచ్చు. ఇన్ని తరాల చేతులు తగిలి అది అద్దంలా నున్నబడింది. ఉత్తరపు పిడి నూకమ్మది, గోడ వైపు ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, అర్చకులు కూడా. అదీ అంతే నున్నగా అరిగి ఉంటుంది.