మొసలక్కా, ముసలక్కా?

ఒకప్పుడు మొసలి ఒళ్ళు లేత వంకాయలా నిగనిగలాడేది. ఒక్క ముడత ఉంటే ఒట్టు!

ఆ రోజుల్లో ముడతలు పంచే పని గాలమ్మది. తట్ట నెత్తిన పెట్టుకుని, వయసు మళ్ళినవాళ్ళకి తలా నాలుగు ఇచ్చేది. కొండమీద ఏనుగులు ఎగబడి తీసుకునేవి. ముడతలు ఎక్కువున్న అవ్వే వాటికి పెద్ద. ఆవిడ నీళ్ళు తాగాకే ఎవరైనా తాగాలి. కోతులేమో గాలమ్మ కనబడితే చాలు, చెట్టెక్కి తెల్లవెంట్రుకలు పీక్కునేవి.

గోదారి మొసళ్ళ పద్ధతి మరీ ఘోరం. ముసలి అని పేరు పడితే చాలు, వెచ్చటి ఇసుకతిన్నె వదిలేసి, ఎండ తగలని చలిమడుగులోకి పోవాలి. అందుకే గాలమ్మ వస్తోందంటే అన్నీ నీళ్ళలో మునిగేవి.

వాటిలో నూకాలు అనే మొసలికి ముప్పైమంది మనవలు. అయినా వయసు అడిగితే, "మొన్ననేగా గుడ్డులోంచి వచ్చాను" అనేది. కాస్త చెవుడు కూడా. అదీ ఒప్పుకునేది కాదు.

ఒకరోజు నూకాలు కునుకు తీస్తుంటే గాలమ్మ వచ్చింది. "మొసలక్కా! తట్ట దింపుకుంటాను, కాస్త జరుగుతావా?" అంది.

నూకాలుకి "ముసలక్కా" అని వినబడింది. జరగడమంటే చలిమడుగులోకే!

"ఎవరే ముసలక్క? ఇదిగో, చూసుకో! ఒక్క పన్నైనా ఊడిందా?" అంటూ నోరు బార్లా తెరిచింది.

"మొసలక్కా అన్నానే తల్లీ!"

"మళ్ళీ అంటావా!" అని తోకతో ఒక్కటిచ్చింది. తట్ట తలకిందులైంది. కొన్ని ముడతలు ఇసుకలో రాలాయి. ఏడూళ్ళకి సరిపడా ముడతలు నూకాలు ఒంటికి అతుక్కుపోయాయి. ఎంత రుద్దినా ఒక్కటీ ఊడలేదు.

నూకాలు భోరుమంది. పాపం, నిజంగానే ఏడ్చింది. కానీ మొసలి కన్నీరే కదా అని ఎవ్వరూ నమ్మలేదు. "మడుగులోకి పదవే మామ్మా" అంటూ మనవలు తోయడం మొదలుపెట్టారు.

అంతలో ఏనుగులు నీళ్ళకి దిగాయి. వాటి అవ్వ నూకాలుని చూసి ఆగిపోయింది. "అమ్మో, ఎన్ని ముడతలో! నాకన్నా ఎంత పెద్దదానివమ్మా! నువ్వు తాగాకే మేం తాగుతాం" అని తొండమెత్తి దండం పెట్టింది. వెనకాల మందంతా వంగింది.

మనవలు నోళ్ళు వెళ్ళబెట్టారు. మరుక్షణం, కిందపడ్డ ముడతలన్నీ ఏరుకుని ఒంటికి అంటించుకున్నారు!

నూకాలు కళ్ళు తుడుచుకుని తిన్నె నడిమధ్యకి పాకింది. "పెద్దదాన్నే. ముసలిదాన్ని మాత్రం కాదు!" అని, మళ్ళీ నోరు తెరిచి పళ్ళు చూపించింది.

అప్పటినుంచే మొసలి ఎండలో నోరు తెరుచుకుని పడుకుంటుంది. అప్పటినుంచే మొసలిపిల్ల గుడ్డులోంచి ముడతలతోనే వస్తుంది.