దెయ్యాల్ని తాగేసిన పిల్లలు

ఇటు జరుగు చిట్టీ. ఆ కాలు నా పొట్టమీంచి తియ్యి ముందు. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా సముద్రం హోరు వినబడే ఒక ఊళ్ళో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. ఈడుకి నీ అంతే, నోరు మాత్రం నీలో సగం కూడా లేదు. వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరి, పెళ్ళాన్నీ, కూతుర్నీ, ముసలితల్లినీ వెంటబెట్టుకుని ఆ ఊరొచ్చాడు. ఊరి చివర ఒక పెంకుటింట్లో దిగారు.

ఎన్నాళ్ళనుంచో తాళం వేసున్న ఇల్లది. గాలేస్తే కిటికీ రెక్క టపాటపా కొట్టుకునేది. అంతే, ఇంకేం లేదు. దానికే ఊళ్ళో పిల్లలు దెయ్యాలకొంప అని పేరెట్టేశారు. పెద్దాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? "అటు పోకండర్రా" అని వాళ్ళని ఇంకా బెదరగొట్టారు.

అప్పుడు వేసవి సెలవులు. నూకాలు పొద్దున్నే తలదువ్వుకుని అరుగుమీద కూచునేది. పిల్లలు ఆ ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చి, గేటు కనబడగానే లగెత్తేవాళ్ళు. నూకాలు నవ్వితే ఇంకా జోరుగా లగెత్తేవాళ్ళు. పాపం, ఆ పసిదాని ప్రాణం ఎంత ఉసూరుమనుంటుందో చెప్పు! ఆడుకోవడానికి ఒక్క తోడు లేదు దానికి.

ఇంతలో దాని పుట్టినరోజు వచ్చింది. "అమ్మా, అందర్నీ పిలుద్దామే" అంది. అప్పుడు వాళ్ళమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆడాళ్ళకి బొట్టుపెట్టి పిలిచింది. బొట్టయితే అందరూ పెట్టించుకున్నారు. ఒకావిడ పిల్లాడికి ఒంట్లో బాలేదంది. ఒకావిడ చుట్టాలొస్తున్నారంది. లోవ అని ఒక చిన్నపిల్ల ఉంది, వాళ్ళమ్మ మాత్రం ఉన్నమాట అనేసింది. "ఏమనుకోకు వదినా, మీ ఇంటి పేరెత్తితేనే మా చిన్నదానికి జ్వరం వచ్చేస్తాది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే."

ఆ మాట విని నూకాలు తలుపు వెనకాల కూచుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు గౌనుకి తుడుచుకుంది. నువ్వు అలా తుడుచుకోకు. ఆ తర్వాత లేచి, "దెయ్యాలున్నాయనేగా అంటున్నారు? అయితే దెయ్యాల్నే చేసి పెడతాను" అంది.

పుట్టినరోజునాడు వాళ్ళ నాన్న ఊకలో పొర్లించిన పెద్ద ఐసుదిమ్మని గోనెసంచిలో చుట్టి, సైకిలుకి కట్టుకొచ్చాడు. తల్లీకూతుళ్ళు దాన్ని సుత్తితో పగలగొట్టి, గంగాళంలో పోసి, మీద రాళ్ళుప్పు జల్లారు. అందులో గిన్నెలు దించి కూచోబెడితే, గిన్నెల్లో పోసింది అంచులమ్మట గడ్డకడుతుంది. దాన్ని గరిటెతో గీకుతూనే ఉండాలి. నూకాలి వేళ్ళు కొంకర్లు పోయాయి, అయినా గరిటె వదల్లేదు.

ముందు తెల్లదెయ్యం. కొబ్బరిపాలలో పంచదార కలిపి గడ్డకట్టించి, గీకి, గ్లాసుల్లో కుప్పగా పోసింది. ఒక్కో కుప్పకీ రెండేసి తాటిముంజలు పెట్టి, ముంజ మధ్యలో నల్లద్రాక్ష గుచ్చింది. బాబోయ్, అవి గుడ్లురిమి చూశాయి!

ఆ తర్వాత పచ్చదెయ్యం. పచ్చిమామిడికాయ ఉడకబెట్టి, గుజ్జు తీసి, పుదీనా నూరి కలిపింది. ఉడికించిన సేమ్యా పోగుల్ని గ్లాసు అంచుల్నుంచి కిందికి వేలాడేసింది. అదీ దాని జుట్టు. నీ జుట్టుకంటే నయమేలే, చిక్కులు లేవు.

ఇంక ఎర్రదెయ్యం. పుచ్చకాయ రసం తీసేసరికి గ్లాసులన్నీ అయిపోయాయి. అప్పుడు ఇత్తడిపళ్ళెంలో పోసి గడ్డకట్టించింది. తమలపాకుని గబ్బిలంలా కత్తిరించి దానిమీద అతికించింది. అన్నిట్లోకీ అదే బాగా కుదిరిందని దాని మురిపెం.

ఎండ కాస్త వాలాక నూకాలు వీధిలోకెళ్ళి, గొంతు చించుకుని అరిచింది. "మా ఇంట్లో మూడు దెయ్యాలున్నాయొహో! చల్లగా ఉన్నాయి! తాగేవాళ్ళు రండొహో!"

పిల్లలాయె, వినీ ఊరుకుంటారా? ఒక్కొక్కళ్ళే వచ్చారు. గేటుదాకా వచ్చారు. అక్కడ ఆగిపోయారు. ముందు కొండమ్మ అని కాస్త పెద్దపిల్ల. దాని పరికిణీ పట్టుకుని, వెనకాల నక్కి నక్కి దాని చెల్లెలు లోవ. "నువ్వెళ్ళు" అంటే "నువ్వెళ్ళు" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు తప్ప, లోపల కాలుపెట్టే నాథుడు లేడు.

నూకాలు పరుగు పరుగున గంగాళాన్ని వాళ్ళ నాన్నచేత గుమ్మంలోకి ఈడ్పించి, గ్లాసుల్ని అందులోనే ఉంచి, పళ్ళెం పట్టక దాన్ని అరుగుమీద పెట్టింది. "రండి, రండి, కరిగిపోతాయి" అని బతిమాలింది. ఎవ్వరూ కదల్లేదు. పళ్ళెంలో గడ్డంతా కరిగి నీళ్ళయిపోయింది, గబ్బిలం తేలుతోంది.

సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్నమ్మ నరసాయమ్మ పెరట్లోంచి వచ్చింది. ఆవిడకి చూపు అంతంతమాత్రం. గేటు దగ్గర ముద్దముద్దగా బోలెడుమంది పిల్లలు కనబడ్డారు. అరుగుమీద ఇత్తడిపళ్ళెం, అందులో ఎర్రనీళ్ళు, మీద తమలపాకు. పసుపూ సున్నం కలిపిన దిష్టినీళ్ళు అచ్చం అలాగే ఉంటాయి కదా! "పిల్లలకి దిష్టి తియ్యడానికి కలిపినట్టుంది, ఎక్కడికి పోయిందో మా కోడలు" అనుకుని ఆవిడ పళ్ళెం ఎత్తేసింది.

"నాన్నమ్మా, అది కాదే!" అని నూకాలు వెంటపడింది.

"నోర్ముయ్, దిష్టి తీసేటప్పుడు మాట్లాడకూడదు" అని కసిరి, ఆవిడ గేటు దగ్గరికి నడిచింది. "తూర్పుకి తిరగండర్రా అందరూ!"

దిష్టి అంటే ఆ పిల్లలకి అలవాటే. బుద్ధిగా చేతులు కట్టుకుని తూర్పుకి తిరిగారు. "ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి, గాలిదిష్టి, ధూళిదిష్టి, పోవాలి, పోవాలి" అని మూడుసార్లు అందరి చుట్టూ తిప్పి, ఆవిడ ఆ పళ్ళెం తీసుకెళ్ళి వీధి మధ్యలో గుమ్మరించేసింది.

ఎర్రదెయ్యం కాస్తా మట్టిపాలయింది. నూకాలు అక్కడే కూలబడి బావురుమంది. పొద్దుట్నుంచీ పడ్డ కష్టం, ఇంక ఎవరూ రారన్న దిగులు, అంతా కలిసి తన్నుకొచ్చింది దానికి.

అప్పుడు లోవ వాళ్ళక్క వెనకాల్నుంచి తొంగిచూసింది. "అక్కా, మనకి దిష్టి తీసేశారుగా? ఇంక ఏ దెయ్యమూ మనల్నేం చెయ్యదుగా?"

కొండమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అవునే! ఏం చెయ్యదు" అంది.

అంతే, లోవ పరికిణీ వదిలేసింది. గేటు తోసుకుని బుడిబుడి అడుగులేసుకుంటూ లోపలికి వచ్చేసింది. ఊరందరిలోకీ పిరికిది, అదే నడిచొచ్చాక, మిగతావాళ్ళు ఊరుకుంటారా? బిలబిలమంటూ వచ్చేశారు.

లోవ తెల్లదెయ్యాన్ని చూసింది. తెల్లదెయ్యం లోవని చూసింది. "ఇది కరుస్తాదా?" అంది లోవ.

"నువ్వే దాన్ని కరవాలి" అంది నూకాలు, కళ్ళు తుడుచుకుంటూ.

లోవ ముందు ఒక కన్ను తినేసింది. ఆ తర్వాత రెండో కన్ను. ఆ తర్వాత గ్లాసెత్తి గటగటా తాగేసి, పళ్ళు జివ్వుమంటే గంతులేసింది. మూతిమీద తెల్లటి మీసం మొలిచింది. అప్పుడు ఇల్లంతా కలియజూసి, "మరి మీ ఇంట్లో దెయ్యం ఏదీ?" అనడిగింది.

"ఇప్పుడేగా తాగేశావు!" అంది నూకాలు.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నరసాయమ్మకి సంగతి తెలిసి, "నా మతి మండా! పుచ్చకాయ పళ్ళెమా అది!" అని నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత ఆవిడే కూచుని, అందరికీ పచ్చదెయ్యాన్ని అందించింది. పిల్లలు గదిగదీ తిరిగారు. ధాన్యం గాదె వెనకాల దాగుడుమూతలు ఆడారు. "నూకాలూ, ఇటు రా", "నూకాలూ, నన్ను పట్టుకో" అని ఇంటినిండా దాని పేరే.

దీపాలు పెట్టే వేళకి అందరూ ఇళ్ళకెళ్ళారు. కొండమ్మ ఒక్కతే వచ్చేసరికి వాళ్ళమ్మ "చిన్నది ఏదే?" అంటూ పరుగెత్తుకొచ్చి, గేటు దగ్గర ఠక్కున ఆగిపోయింది. ఆ ఇంట్లోకి ఆవిడెప్పుడూ అడుగుపెట్టలేదు మరి. అక్కణ్ణుంచే "లోవా!" అని పిలిచింది.

అరుగుమీద నూకాలు కూచునుంది. దాని ఒళ్ళో తలపెట్టుకుని లోవ ఆదమరిచి నిద్రపోతోంది. నూకాలి కాలు తిమ్మిరెక్కిపోయింది, అయినా కదపలేదు. నోటిమీద వేలేసుకుని, "మెల్లగా అత్తా. ఇప్పుడే పడుకుంది" అంది.

ఆవిడ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. చిన్నగా నూకాలి పక్కన చతికిలబడింది. నిద్రపోతున్న కూతుర్ని చూసి, నూకాలి తల నిమిరి, "మా ఇంట్లో ఎంత జోకొట్టినా పడుకోదే ఇది" అంది.

తెల్లదెయ్యం గొంతులోకి,
లోవమ్మ తల్లి చంకలోకి,
కథమ్మ నడిచి కంచిలోకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.