మరుగుమందుకు విరుగుడు

మరుగుమందు నిజంగా ఉందా అని కామేశం తన గురువైన ఆదెమ్మగారిని అడిగాడు. అన్నంలో కలిపి పెడితే మొగుడు పెళ్లాం కొంగు వదలడని జనం చెప్పుకునే మందు అది. ఆమె దగ్గర అతను ఎన్నో చూర్ణాలు నూరాడు గాని, దాన్ని మాత్రం నూరలేదు. ఆదెమ్మగారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కరక్కాయలు దంచడం ముగించి, "ఎవరో వస్తున్నారు, చాప వెయ్యి" అన్నారు.

వచ్చింది సూరమ్మ. కొడుకు అప్పలస్వామిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"నా కోడలు వీడికి మందెట్టేసిందమ్మగారూ. కక్కించెయ్యండి. అది బయటపడిందంటే ఈ పొద్దే దాన్ని పుట్టింటికి తోలేస్తాను."

"ఏం చేస్తున్నాడేంటి?"

"ఇదివరకు కూరలో ఉప్పు చాలకపోతే కంచం గోడకేసి కొట్టేవోడు. ఇప్పుడు తనే లేచెళ్లి ఉప్పు తెచ్చుకుంటన్నాడు. నీళ్లబిందె మోస్తన్నాడు. మొన్న నన్ను, తిన్నావా అమ్మా అని అడిగేడు. పుట్టి బుద్దెరిగాక ఎప్పుడైనా అడిగేడా?"

అప్పలస్వామి నేల చూస్తూ, "కక్కమంటే కక్కుతాను. పైడమ్మని మాత్రం పంపెయ్యొద్దని చెప్పండి" అన్నాడు.

"చూశారా, ఇదే రోగం" అంది తల్లి.

ఆదెమ్మగారు మంగకాయల కషాయం కాచారు. తాగితే పేగులు నోట్లోకొచ్చేంత వాంతి. చల్లార్చి, గిన్నె సూరమ్మ చేతికే ఇచ్చారు. "నువ్వే తాగించు. ఏమీ మిగలదు. పాత అప్పలస్వామి తిరిగొస్తాడు. ఇంటికెళ్లాక కంచాలు కాస్త పైన పెట్టుకో."

సూరమ్మ గిన్నె కొడుకు పెదవుల దాకా తీసుకెళ్లి ఆగింది. వాడు బుద్ధిగా నోరు తెరిచి ఉంచాడు. ఆమె కషాయాన్ని చూసింది, వాణ్ణి చూసింది, మళ్లీ కషాయాన్ని చూసింది.

"అమ్మగారూ, ఆ బిందె మొయ్యడం, నన్ను తిన్నావా అని అడగడం లోపలే ఉండిపోయేలా, మిగతాది తియ్యలేరా?"

"తీస్తే మొత్తం రావాలి."

సూరమ్మ ఇంకాసేపు నిలబడింది. తర్వాత బయటికెళ్లి కషాయం తుమ్మ మొదట్లో పారబోసి వచ్చి, గొంతు తగ్గించింది. "ఇంట్లో మా ముసలాయన కూడా ఉన్నాడు. అదేదో ఆయనక్కూడా పెడితే..."

"అది నా దగ్గర లేదు. కోడల్ని అడుగు. కాస్త మంచిగా అడుగు."

సూరమ్మకు నవ్వు ఆగలేదు. కొడుకు వీపున ఒక్కటి చరిచి, నవ్వుకుంటూనే ఇంటిదారి పట్టింది.

కామేశం చాప చుడుతూ, "ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"లేనిదాన్ని వదులుకోడానికి అంతసేపు ఆలోచిస్తారా?" అని ఆదెమ్మగారు మళ్లీ రోకలి అందుకున్నారు.