వాగు దాటిన పొగ

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకి ఈవల ఎలుగుబంటి నూకాలు చెరకు గానుగాడి బెల్లం వండేది. ఆవల నెమలి సోకులయ్య కాపురం. నూకాలు పది దిమ్మలు వండితే తొమ్మిది వాగు దాటేవి. బదులుగా ఒక్క గంప దుంపలు వచ్చేవి. ఆ బెల్లంతో సోకులయ్య నువ్వుండలు చుట్టి, అడవంతా తిప్పి, పది గంపలు తెచ్చుకునేవాడు. నూకాలుకి వంట వచ్చు, బేరం రాదు. ఏం చేస్తాం.

ఆ ఏడు అడవిని పొగ కమ్మేసింది. పిట్టలు పాట మొదలుపెట్టి దగ్గుతో ముగించేవి. ఏనుగు పెద్దయ్య పంచాయతీ పెట్టాడు. అడవిలో పాత కట్టుబాటు ఒకటుంది. పొగ ఏ పొయ్యిలో లేస్తే ఆ పొయ్యివాళ్లదే తప్పు.

"మా ఒడ్డున పొయ్యే లేదు పెద్దయ్యా. నా ఈకలకి మసి అంటిందేమో చూడండి," అని సోకులయ్య పురి విప్పి ఒక చుట్టు తిరిగాడు. "మా వదినకే కాస్త శుభ్రం తక్కువ."

నూకాలు నోరు తెరుచుకుపోయింది. ఆ నోట్లోకి ఒక ఈగ వెళ్లి, తీరిగ్గా అంతా చూసి వచ్చింది కూడా. తన బెల్లం తిన్న నోరేనా ఈ మాటంటున్నది?

"రేపటి నుంచి నీ పొయ్యి వెలగకూడదు," అన్నాడు ఏనుగు.

పొయ్యి లేకపోతే దుంపల్లేవు. దుంపల్లేకపోతే వానాకాలమంతా పస్తే. అయినా నూకాలు ఇంటికెళ్లి పొయ్యిలో నీళ్లు పోసింది.

మొదటి రోజు సోకులయ్య రాలేదు. రెండో రోజు వాగు దాకా వచ్చి వెనక్కెళ్లాడు. మూడో రోజు గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఒక్క పెనం. గుట్టుగా. ఎవరు చూస్తారు?"

వెలిగిస్తే దుంపలొస్తాయి. కానీ పొగా తనదే, తిట్లూ తనవే. నూకాలు ఆలోచించింది.

"వండుతా మరిదీ. పెనం, రసం నేనే మోసుకొస్తా. పొయ్యి మాత్రం నీ వాకిట్లో."

"మా వాకిట్లోనా?"

"ఏం, మీ ఒడ్డున గాలి మంచిదిగా."

నువ్వుండల ఆశ, ఒప్పుకోక ఏం చేస్తాడు. చెరకుపిప్పి తనే ఎగదోశాడు. తొమ్మిది దిమ్మల పొగ ఒక్కసారిగా లేచింది. నీలం మెడ బొగ్గయింది. కాకులు దిగి, "వీడు మనవాడేనా?" అని చుట్టూ తిరిగి చూశాయి.

ఏనుగు పరుగున వచ్చాడు. "పొయ్యి ఆర్పించానే, ఇంత పొగెక్కడిది?"

"పాత పొగే పెద్దయ్యా," అంది నూకాలు. "ఇన్నాళ్లూ నా ఇంట్లో ఉండేది. ఇవాళ తిన్నవాళ్లింటికి వచ్చింది."

సోకులయ్య మసి ఈకలు దులుపుకుంటూ వెనక్కి జరిగాడు. "నేను తిన్నదానికి ఇంత పొగా?" అన్నాడు. ఆ భయంలో అసలు నిజం జారింది. "నేనొక్కణ్ణే కాదు పెద్దయ్యా. తొమ్మిదింటిలో ఐదు దిమ్మలు మీ నువ్వుండలకే."

ఏనుగు చెవులు ఆడటం మానేశాయి. పొయ్యి ఆర్పమన్న నోరూ, రోజూ ఉండలు మింగిన నోరూ ఒకటే. తొండం దించి తీర్పు చెప్పాడు.

"కట్టుబాటు మారుస్తున్నా. పొగలో తప్పు తీపి తిన్నవాళ్లది కూడా. తిన్న ప్రతి దిమ్మకీ ఒక చెట్టు నాటాలి, నూకాలుకి ఒక గంప ఇవ్వాలి."

"మరి ఇన్నేళ్ల మీ వంతు?" అంది నూకాలు.

ఏనుగు తన పొట్టకేసి చూసుకున్నాడు.

"చెట్లకి గుంటలు ఎక్కణ్ణుంచి తవ్వాలో చూపించమ్మా. ఈ ఏడాదికి సగమైనా అవ్వాలి."

నీతి: పొయ్యి ఒకరింట్లో ఉన్నంత మాత్రాన పొగ వాళ్లొక్కరిదే కాదు, తీపి తిన్నవాళ్లంతా మసినీ పంచుకోవాలి.